పునుగులు మానకుండా నూనె తగ్గించడం ఎలా?

సాయంత్రమయ్యేసరికి బెజవాడ వీధుల్లో పునుగుల వాసన! మీ ఇంట్లో ఎవరినైనా నూనె తగ్గించమని డాక్టరు చెప్పారనుకోండి. వెంటనే ఎయిర్ ఫ్రైయర్ కొనాలా, మైక్రోవేవ్ కొనాలా అన్న ప్రశ్న వస్తుంది.

మైక్రోవేవ్ ముఖ్యంగా పదార్థంలోని నీటిని వేడెక్కిస్తుంది. కనుక కూరలు ఉడుకుతాయి, మిగిలిన అన్నం వేడెక్కుతుంది; కరకరలాడే వేపుడు మాత్రం రాదు. స్టీలు గిన్నెలు పెట్టకండి. అన్నం మధ్యలో కలిపి, పొగలు వచ్చేదాకా వేడిచేయండి.

ఎయిర్ ఫ్రైయర్ సుమారు 200 డిగ్రీల వేడిగాలిని పదార్థం చుట్టూ తిప్పుతుంది. దొండకాయలకు, చేపముక్కలకు ఒకటి రెండు చెంచాల నూనె చాలు. చిన్న చెంచాడు నూనెలో దాదాపు 45 కేలరీలు! మూకుడులో ఎన్ని చెంచాలు పోస్తున్నారో మీకే తెలుసు. బంగాళాదుంపలను మాత్రం నల్లబడనివ్వకండి. బంగారు రంగు రాగానే తీసేయండి.

మరి పునుగులో? జారుపిండి ఎయిర్ ఫ్రైయర్ బుట్టలోంచి కిందికి కారిపోతుంది. మైక్రోవేవ్‌లో మెత్తబడుతుంది. గుంటపునుగుల పెనంలో గుంటకు నాలుగు చుక్కల నూనె వేసి కాల్చండి.

రోజూ వేపుళ్లు తినే ఇంటికి ఎయిర్ ఫ్రైయర్, వేడిచేసుకోవడమే ఎక్కువైతే మైక్రోవేవ్. పునుగుల కోసమే అయితే రెండూ అక్కరలేదు, పెనం చాలు!