పవరు అను మాట

'పవరు' అను ఆంగ్లపదము తెలుగువారి నోట సొంతమాటవలెనే నలుగుచున్నది. దీపము లారినచో "పవరు పోయినది" అందురు. ఎన్నికలలో ఓడిన పక్షమునకును పవరు పోవును! అంకెలకును, కండ్లద్దములకును కూడ పవరు కలదు. ఇన్ని అర్థములకు మూల మొక్కటే. 'చేయగలుగుట' అను అర్థముగల లాటిన్ క్రియనుండి ప్రాచీన ఫ్రెంచి మీదుగా ఈ పదము ఇంగ్లీషునకు వచ్చినది.

వాడుకలో దీనివలన చిక్కులేదు. చిక్కంతయు భౌతికశాస్త్రపు తరగతిలోనే. అచ్చట పవరనగా శక్తి కాదు. శక్తి యెంత త్వరగా వినియోగమగుచున్నదో తెలుపు రాశి. తెలుగు పాఠ్యపుస్తకములు దీనిని 'సామర్థ్యము' అనుచున్నవి.

ఇద్దరు విద్యార్థులు చెరియొక 20 కిలోగ్రాముల మూటను 5 మీటర్ల ఎత్తుగల మేడమీదికి చేర్చిరనుకొందము. వారి శరీరపు బరువును విడిచిపెట్టినచో, మూట నెత్తుటకు ఒక్కొక్కరు చేసిన పని 980 జౌళ్ళు. మొదటివానికి 10 సెకండ్లు పట్టినది. వాని సామర్థ్యము 98 వాట్లు. రెండవవానికి 20 సెకండ్లు పట్టినది; 49 వాట్లు. పని సమానమే, సామర్థ్యము మాత్రము సగము.

జేమ్స్ వాట్ (1736–1819) ఆవిరియంత్రములు కొనువారికి పోలిక దొరకుటకై, ఒక గుఱ్ఱము నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పని చేయునని లెక్కగట్టెను. ఇది సుమారు 746 వాట్లు. సాధారణపు గుఱ్ఱము దినమంతయు ఇంత వడిగా పని చేయజాలదు. అయినను పొలములోని మోటారును రైతులు నేటికిని 'ఐదు హార్సుపవరు' అనియే చెప్పుకొందురు.

"ఈ నెల ఎంత పవరు కాలినది?" అను ప్రశ్నలోనే పొరపాటు దాగియున్నది. మీటరు లెక్కించునది సామర్థ్యము కాదు, శక్తి. బిల్లులోని యూనిట్ అనగా ఒక కిలోవాట్-గంట, అనగా 36 లక్షల జౌళ్ళు. 1000 వాట్ల హీటరు దీనిని ఒక గంటలో కాల్చివేయును. 10 వాట్ల దీపమునకు 100 గంటలు పట్టును.

కండ్లద్దముల పవరునకు జౌళ్ళతో గాని సెకండ్లతో గాని సంబంధము లేదు. అది మీటర్లలో చెప్పిన నాభ్యంతరమునకు విలోమము. నాభ్యంతరము అరమీటరైనచో పవరు 2 డయాప్టర్లు. దీనిని కూడ 'కటక సామర్థ్యము' అనుటచే ఇంగ్లీషులోని చిక్కు తెలుగులోనికిని దిగుమతియైనది. లెక్కలలోని పవరునకు 'ఘాతము' అని వేరు పేరు పెట్టినవారు ఇచ్చట ఏల ఉపేక్షించిరో! అయినను ఈ రాశివలన ఒక సౌకర్యము కలదు: రెండు పలుచని కటకములను తాకునట్లుంచినచో నాభ్యంతరములు కూడుకొనవు గాని పవరులు కూడుకొనును. +2నకు −0.5ను చేర్చిన +1.5 వచ్చును.