ప్రపంచ సుందరి చెప్పిన కబురు పల్లె పడుచులకూ అవసరమే

తడ: అందాల పోటీలంటే పల్లెల్లో పెద్దలకు గిట్టదు. కుర్రకారు పేపర్లో బొమ్మలు చూసి పక్కన పెడతారు. అయితే 2025లో హైదరాబాదులో ప్రపంచ సుందరి కిరీటం గెలిచిన యువతి కథ మాత్రం తడ, వరదయ్యపాళెం, సత్యవేడు పల్లెల్లోని ప్రతి ఇల్లాలూ తెలుసుకోదగ్గది.

ఆ పోటీలు మే 10న గచ్చిబౌలి స్టేడియంలో మొదలై, 31న హైటెక్స్‌లో ముగిశాయి. నూరుమందికి పైగా యువతులు దేశదేశాల నుంచి వచ్చారు. చార్మినార్ పక్క గాజుల బజారులో తిరిగారు. పోచంపల్లిలో చేనేత చూశారు. మన దేశం తరఫున నిలిచిన రాజస్థాన్ యువతి నందినీ గుప్తా చివరి 20 మందిలోకి వచ్చి ఆగిపోయింది. ఇథియోపియాకు రెండవ స్థానం, పోలండ్‌కు మూడవ స్థానం దక్కాయి. కిరీటం థాయిలాండ్ యువతి ఓపల్ సుచాతను వరించింది. ఆ దేశానికి ఈ కిరీటం దక్కడం అదే మొదటిసారి.

విమర్శలు లేకపోలేదు. రామప్ప గుడికి వెళ్లినప్పుడు సుందరీమణుల కాళ్లు కడగడంలో స్థానిక మహిళలు సాయపడటం ఎందరికో కష్టం కలిగించింది. ఇంగ్లండు సుందరి ఏర్పాట్లను తప్పుపడుతూ మధ్యలోనే వెళ్లిపోగా, ఆమె ఆరోపణలను నిర్వాహకులు కాదన్నారు. 1996లో బెంగళూరులో ఇవే పోటీలు జరిగినప్పుడు ఇంతకంటే పెద్ద ఆందోళనలే చెలరేగాయి.

గెలిచిన సుచాతకు పదహారేళ్ల వయసులో రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి తీసేశారు. అదృష్టవశాత్తు అది కేన్సర్ కాదు. ఆ వయసు పిల్ల సిగ్గుపడి దాచుకోవలసిన సంగతిని ఆమె నలుగురిలో చెప్పింది. రొమ్ము కేన్సర్ గురించి ఆడవారికి తెలియజెప్పడమే పనిగా పెట్టుకుంది.

మన వైపు ఆడవారికి తీరిక తక్కువ. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి శ్రీసిటీకి పోయేవారు కొందరు. వరి మళ్లలో నడుం వంచేవారు కొందరు. పులికాట్ చేపల గంప నెత్తిన పెట్టుకు తిరిగేవారు ఇంకొందరు. ఒంట్లో గడ్డ తగిలినా నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. మొగుడికి చెప్పాలన్నా, మగ డాక్టరుకు చూపించాలన్నా సిగ్గు. అసలు ప్రమాదం అక్కడే. మొదట్లో ఈ గడ్డకు చాలాసార్లు నొప్పి ఉండదు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే 1 లక్షా 90 వేలకు పైగా మహిళలకు కొత్తగా రొమ్ము కేన్సర్ సోకింది. ఆడవారికి వచ్చే కేన్సర్లలో ఇదే ఎక్కువ. తొలి దశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశాలు బాగా ఉన్నాయి.

రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం కనిపిస్తే ఆలస్యం కూడదు. గడ్డలన్నీ కేన్సర్ కావు. అది తేల్చవలసింది డాక్టరు. ముప్పై ఏళ్లు దాటిన మహిళలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. ఊళ్లోని ఆశా కార్యకర్తకో, నర్సమ్మకో చెబితే దారి చూపుతారు. పెద్ద వైద్యం కావలసివస్తే తిరుపతిలో స్విమ్స్ ఉంది.

అత్తలూ, అమ్మలూ సిగ్గు విడిచి ముందు తాము చూపించుకుంటే, ఇంట్లో కోడళ్లకూ, కూతుళ్లకూ ఆ ధైర్యం వస్తుంది.