తరిగే సంపద, నిలిచే సంపద: బహ్రెయిన్ చమురు కథ



మన ఊళ్ళలో గల్ఫ్‌కు వెళ్ళిన మనిషి లేని వీధి అరుదు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, సౌదీ, బహ్రెయిన్‌లకు రెండు మూడు తరాలుగా రాకపోకలు సాగుతున్నాయి. మన సంఘానికి అందే విరాళాల్లోనూ ఆ చెమట ఉంది. అక్కడ డబ్బుందని అందరికీ తెలుసు. ఆ డబ్బు ఎలా పుట్టింది, ఎంతకాలం ఉంటుంది, ఉన్నంతకాలం దానితో ఏం చేశారు అనే ప్రశ్నలు మాత్రం మనం తక్కువగా వేసుకుంటాం. వాటికి జవాబు వెతకడానికి ఈ సంచికలో బహ్రెయిన్ దీవుల్ని ఎంచుకున్నాం. గల్ఫ్ అరబ్బు తీరంలో చమురు మొదట దొరికింది అక్కడే, తరగడం మొదట కనిపించిన చోట్లలోనూ అదొకటి. అందువల్ల కథంతా ఒకేచోట చూడవచ్చు.

ముత్యాల నుంచి చమురుకు

బహ్రెయిన్ అంటే అరబ్బీలో 'రెండు సముద్రాలు' అని అర్థం. దేశం మొత్తం వైశాల్యం దాదాపు 780 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర ఒక చిన్న జిల్లా అంత కూడా లేదు. చమురుకు ముందు అక్కడి బతుకుతెరువు ముత్యాలు. వేసవిలో పడవలెక్కి, ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని సముద్రంలో మునిగి ఆల్చిప్పలు ఏరేవారు. ఆ ముత్యాలు బొంబాయి వర్తకుల చేతుల మీదుగా హైదరాబాద్ నవాబుల దాకా చేరేవి. మునిగేవాడికి మిగిలింది మాత్రం తరచుగా అప్పే.

1920ల చివర్లో జపాన్ పెంపకపు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తాయి. అదే సమయంలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చింది. కొన్నేళ్ళలోనే ముత్యాల వ్యాపారం కూలిపోయింది. ఒకే రాబడి మీద ఆధారపడిన సమాజం ఎంత త్వరగా వీధిన పడుతుందో ఆ దీవి చమురు రాకముందే చూసింది.

ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండ్ దేశస్థుడు 1925లో అక్కడ చమురు వెతికే హక్కు సంపాదించాడు. తవ్వే స్తోమత అతనికి లేదు. ఆ హక్కు చేతులు మారి చివరికి అమెరికాకు చెందిన స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియాకు చేరింది. ఆ సంస్థ 1929లో బహ్రెయిన్ పెట్రోలియం కంపెనీని, అంటే 'బాప్కో'ను స్థాపించింది. 1931 అక్టోబరులో జబల్ దుఖాన్ అనే చిన్న కొండ పక్కన మొదటి బావి తవ్వడం మొదలుపెట్టారు. 1932 జూన్ ఆరంభంలో సుమారు 2,000 అడుగుల లోతున చమురు పడింది. ఆ కొండ మీద నిలబడితే సముద్రం అవతల సౌదీ తీరంలోని దమ్మామ్ గుట్టలు కనిపిస్తాయి. ఇక్కడ దొరికింది అక్కడా దొరకవచ్చని అదే కంపెనీ అటు వెళ్ళి తవ్వింది. 1938లో సౌదీలో చమురు బయటపడింది.

బావి ఎందుకు తరుగుతుంది?

భూమి లోపల చమురు చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సున్నపురాయి పొరల సన్నటి రంధ్రాల్లో, స్పంజిలో నీళ్ళలా ఇమిడి ఉంటుంది. పైన గట్టి పొర మూతలా ఉండి దాన్ని బయటికి పోనీయదు. బావి ఆ మూతకు పెట్టిన చిల్లు. లోపలి ఒత్తిడే మొదట్లో చమురును పైకి నెడుతుంది. తోడేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు పంపులు పెట్టాలి, గ్యాస్‌ను తిరిగి లోపలికి ఎక్కించాలి, కొత్త బావులు తవ్వాలి. ప్రతి పీపా ముందటి పీపా కంటే కష్టంగా వస్తుంది. పీపా అంటే సుమారు 159 లీటర్లు.

బహ్రెయిన్ సొంత క్షేత్రం 1970 ప్రాంతంలో రోజుకు 75 వేల పీపాలకు పైగా ఇచ్చి గరిష్ఠ స్థాయికి చేరింది. ఆ తర్వాత దిగజారుతూ వచ్చింది. ఎంత శ్రమపడ్డా ఇటీవల రోజుకు 40 వేల పీపాల చుట్టూనే ఉంటోంది. పక్కనున్న సౌదీ లెక్క రోజుకు కోటి పీపాల్లో ఉంటుంది కనుక తేడా ఎంతో ఊహించవచ్చు. 2018లో పశ్చిమ తీరపు సముద్రగర్భంలో భారీ షేల్ చమురు ఉందని ప్రకటించారు. కానీ రాతిలో ఉన్నదంతా పైకి రాదు. వచ్చినా ఖర్చు చాలా ఎక్కువ.

పొరుగు చమురు, సొంత పనితనం

ఇంత తక్కువ చమురుతో ఆ దేశం ఎలా నిలబడింది? ఇందులో రెండు సంగతులున్నాయి.

మొదటిది పొరుగువారితో ఒప్పందం. సముద్రంలోని అబూ సఫా క్షేత్రం గురించి 1958లో సౌదీతో సరిహద్దు ఒడంబడిక కుదిరింది. క్షేత్రం సౌదీ వైపు ఉంటుంది, రాబడిలో సగం బహ్రెయిన్‌కు చెందుతుంది. ఈ రోజు బహ్రెయిన్ లెక్కలో చూపే చమురులో మూడింట రెండు వంతులకు పైగా ఈ వాటాయే.

రెండోది రిఫైనరీ. ముడిచమురును మరిగించి, ఆవిరి చల్లారే వేడిని బట్టి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వేరు చేసే కర్మాగారం అది. 1936లో సిత్రా దగ్గర రోజుకు 10 వేల పీపాల సామర్థ్యంతో మొదలైంది. సొంత చమురు చాలక 1945లోనే సౌదీ నుంచి పైపులైను వేసుకున్నారు. పాతవాటి స్థానంలో కొత్త పైపులైను 2018లో వచ్చింది. 2 లక్షల 67 వేల పీపాలుగా ఉన్న రిఫైనరీ సామర్థ్యాన్ని ఇటీవలి ఆధునికీకరణతో 3 లక్షల 80 వేలకు పెంచారు. సొంత బావి ఇచ్చేది అందులో చిన్న భాగం. మిగతాదంతా పొరుగు చమురే. బావి తరిగింది కానీ ఆ బావి చుట్టూ నేర్చుకున్న పనితనం తరగలేదు. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇదే.

ఆ పనితనానికి పునాది చమురు డబ్బుతో పడలేదు. బహ్రెయిన్‌లో తొలి ఆధునిక బాలుర పాఠశాల అల్ హిదాయా 1919లో ముహర్రక్‌లో మొదలైంది. అప్పటికి చమురు ఊసే లేదు. ముత్యాల వర్తకులు, ఊరి పెద్దలు చందాలు వేసుకుని దాన్ని నిలబెట్టారు. 1928లో బాలికల పాఠశాల వచ్చింది. తర్వాత నాలుగేళ్ళకు చమురు పడింది. అప్పటికే చదువూ లెక్కా నేర్చిన పిల్లలు కొందరైనా ఆ ఊళ్ళో ఉన్నారు.

గ్యాస్ లోహమైన తీరు

చమురుతోపాటు గ్యాస్ కూడా ఉంది. దాన్ని ఊరికే మండించి వృథా చేయకుండా ఏదైనా పరిశ్రమ పెట్టాలని 1968లో 'ఆల్బా' అనే అల్యూమినియం సంస్థను స్థాపించారు. 1971లో ఉత్పత్తి మొదలైంది. బహ్రెయిన్‌లో అల్యూమినియం ఖనిజం లేదు. ముడిసరుకైన అల్యూమినా ఓడల్లో వస్తుంది. మరి ఈ పరిశ్రమ అక్కడెందుకు? ఒక కిలో అల్యూమినియం తీయడానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. మన మామూలు ఇంట్లో రెండు మూడు రోజుల వాడకం అది. గ్యాస్‌తో చౌకగా కరెంటు తయారవుతుంది కనుక, గ్యాస్‌ను లోహం రూపంలో అమ్ముతున్నట్టే. ఏటా లక్షా 20 వేల టన్నులతో మొదలైన ఆల్బా ఇప్పుడు 16 లక్షల టన్నుల దాకా తీస్తోంది. ప్రపంచంలోని పెద్ద అల్యూమినియం కర్మాగారాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది.

కానీ ఇందులో ఒక చిక్కుంది. ఆ కర్మాగారంతోపాటు ఇళ్ళ ఏసీలకూ, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లకూ అదే గ్యాస్ కావాలి. వాడకం పెరిగి సొంత గ్యాస్ చాలని రోజు వస్తుందని బయటి నుంచి ద్రవరూప గ్యాస్ దింపుకునే టెర్మినల్ కట్టుకున్నారు. సంపదను పరిశ్రమగా మార్చడం మంచిదే. ఆ పరిశ్రమ కూడా పాత బావికే కట్టుబడి ఉంటే సగం పనే అయినట్టు.

ఖజానా లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్న. దేశ ఉత్పత్తిలో చమురు, గ్యాస్ నేరుగా ఇచ్చే వాటా ఐదో వంతు లోపే. బ్యాంకులు, అల్యూమినియం, వర్తకం, పర్యాటకం మిగతాది నడుపుతున్నాయి. అయినా ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా ఇప్పటికీ చమురు నుంచే వస్తుంది. అంగడి మారింది కానీ గల్లాపెట్టె మారలేదన్నమాట.

2014లో వంద డాలర్లు దాటి ఉన్న పీపా ధర 2016 జనవరికి 30 డాలర్ల లోపు పడింది. జీతాలు, సబ్సిడీలు మాత్రం తగ్గలేదు. అప్పులు పెరిగాయి. 2018లో సౌదీ, కువైట్, యుఏఈ కలిసి వెయ్యి కోట్ల డాలర్ల సాయం ప్రకటించవలసి వచ్చింది. 2019లో 5 శాతం వ్యాట్ పెట్టారు, 2022లో దాన్ని 10 శాతం చేశారు. దేశపు అప్పు ఒక ఏడాది జాతీయోత్పత్తిని మించిపోయింది.

ముందుచూపు అసలు లేదనలేం. 2006లో భావితరాల నిధి కోసం చట్టం చేశారు. ధర 40 డాలర్లు దాటినప్పుడు ఎగుమతి చేసే ప్రతి పీపా మీద ఒక డాలరు పక్కన పెట్టాలని అప్పట్లో నిర్ణయించారు. ఆలోచన గొప్పది. కానీ మొదటి పీపా తోడి అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటింది, పెద్ద దిగుబడులు ఎప్పుడో గడిచిపోయాయి. పైగా 2020లో కరోనా కష్టానికి ఆ నిధి నుంచే 45 కోట్ల డాలర్లు తీశారు. పొరుగునున్న కువైట్ 1953లోనే పెట్టుబడి సంస్థ పెట్టుకుంది. 1990లో ఇరాక్ ఆ దేశాన్ని ఆక్రమించినప్పుడు ప్రవాసంలో ఉన్న ప్రభుత్వానికీ ప్రజలకూ ఆ పొదుపే ఆధారమైంది. దాచడంలో ఎంత దాచామన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు మొదలుపెట్టామన్నదీ అంతే ముఖ్యం.

మన మాట

ఈ పాఠం మనకు కొత్తది కాదు. దివ్యఖురాన్‌లోని యూసుఫ్ సూరాలో రాజు కల కంటాడు. ప్రవక్త యూసుఫ్ (అలైహిస్సలాం) దాని భావం విప్పి, ఏడేళ్ళ పంటలో తినడానికి అవసరమైనంత తీసుకుని మిగిలింది కంకుల్లోనే దాచమని, కరువు ఏళ్ళకు అది అక్కరకొస్తుందని చెబుతారు. మంచి కాలంలోనే కరువును లెక్కించాలన్నది ఆ సలహా సారం.

గల్ఫ్‌లో మన బిడ్డ చేసే ఉద్యోగం కూడా ఒక బావే. వీసా గడువు, ఒంట్లో సత్తువ, స్థానికులకే ముందు ఉద్యోగాలివ్వాలన్న అక్కడి విధానం, ఈ మూడూ దాని ఒత్తిడిని తగ్గిస్తూనే ఉంటాయి. మొదటి జీతంతో ఇంటికి పైఅంతస్తు లేస్తుంది, పెళ్ళి ఘనంగా జరుగుతుంది. పదిహేనేళ్ళ తర్వాత మనిషి తిరిగొచ్చేసరికి చెల్లెలి చదువు ఆగిపోయి ఉంటుంది, కొడుకు అదే వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరుగుతుంటాడు. బడిలో ఇన్నేళ్ళుగా ఇలాంటి ఇళ్ళ పిల్లలకు చదువు చెబుతున్నాం కనుక ఇది ఊహించి రాస్తున్న మాట కాదు.

సంఘానికి వచ్చే విరాళాలూ అంతే. ఒక ఏడాది నిండుగా వస్తాయి, మరో ఏడాది పలచబడతాయి. వచ్చిందంతా ఆ ఏడాదే ఖర్చుచేస్తే, పలచబడ్డ ఏడాది మధ్యలో ఉన్న విద్యార్థి ఫీజు ఆగిపోతుంది. అందుకే దాతల ముందు రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాం.

మొదటిది: జకాత్ సొమ్ము అర్హులకు చేరవలసినదే, దాన్ని కూడబెట్టడం తగదు. కానీ సదకా, అతియా రూపంలో వచ్చే ప్రతి వంద రూపాయల్లో పది రూపాయలను విద్యా నిధిగా విడిగా ఉంచుదాం. దాని అసలు ముట్టకుండా, వడ్డీ లేని ధర్మబద్ధమైన రాబడితోనే ఉపకార వేతనాలు ఇద్దాం. అద్దె వచ్చే చిన్న గది ఒకటి వక్ఫ్ చేయగలవారుంటే అంతకంటే మేలు లేదు. ఎలా చేయాలన్నది ఉలమాల సలహాతో తేల్చుకుందాం.

రెండోది: సాయం చేసేటప్పుడు చదువుతోపాటు చేతిపనికీ చోటిద్దాం. ఐటీఐ, నర్సింగ్, పాలిటెక్నిక్ చదివే పిల్లవాడికి, పిల్లకు మూడేళ్ళపాటు తెగకుండా తోడుంటే ఆ ఇంటికి మళ్ళీ మన సాయం అవసరం ఉండదు. సిత్రా రిఫైనరీ పొరుగు చమురుతో నడుస్తున్నట్టే, చేతిలో పనున్న మనిషి ఏ ఊళ్ళోనైనా నిలబడతాడు.

బహ్రెయిన్ వర్తకులు 1919లో బడికి చందా వేసినప్పుడు వారి ముత్యాల వ్యాపారం ఇంకా బాగానే సాగుతోంది. పదిహేనేళ్ళు తిరగకముందే ఆ వ్యాపారం పోయింది. ఆ బడి నూరేళ్ళు దాటింది. సదకా జారియా అంటే ఏమిటో పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు ఇకమీదట ఈ ఉదాహరణ కూడా చెబుతాం.