నీళ్లకు తలుపు ఏ వైపు నుంచి వేయాలి?

మన నూజెండ్ల ప్రాంతంలో నీరు ఎక్కువైందని బాధపడే రోజులు ఏడాదికి నాలుగైదు మించవు. మిగతా రోజులన్నీ నీరు లేదన్న బాధే. అందుకేనేమో, ఆ నాలుగైదు రోజులకు మనం ఎప్పుడూ సిద్ధంగా ఉండం. రాత్రంతా వాన పట్టిందంటే తెల్లవారేసరికి గుండ్లకమ్మ ఎర్రగా పారుతూ ఉంటుంది, పల్లపు ఇళ్లలోకి తలుపు కింది నుంచి నీళ్లు వస్తూ ఉంటాయి. చాలా చోట్ల ఆ ఇళ్లు మొదట పల్లంలో కట్టినవి కావు. ఇల్లు కుంగలేదు, రోడ్డు ఎదిగింది! పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త రోడ్డు పోస్తూ పోతే, ఒకనాడు మెట్లెక్కి వెళ్లిన వాకిలికి ఇప్పుడు మెట్లు దిగి వెళ్లాలి. పట్టణాలలోనైతే కావాలనే నేల కింద సెల్లార్లు కడుతున్నారు. ఎక్కడైనా వీధి నీటికీ గదికీ మధ్య అడ్డు ఒక్క తలుపే.

నేను పనిచేసిన ఒక బడిలో సామాన్ల గది ఇలాంటిదే. మూడు మెట్లు దిగాలి. ఒక ఏడాది వానకు అట్లాసులు, ప్రయోగశాల రిజిస్టర్లు తడిసి ముద్దయ్యాయి. మేము చేసిన మరమ్మతు ఏమిటంటే, గది లోపల నిలబడి తలుపు సందులలో గుడ్డపీలికలు కూరి, పైన సిమెంటు మెత్తాం. తరువాతి వానకు ఆ సిమెంటు పెచ్చులుగా ఊడి గదిలో పడింది. చూడడానికి వచ్చిన తాపీ మేస్త్రీ నవ్వి, "మేష్టారూ, నీళ్లు బయటుంటే మీరు లోపల మెత్తారేంది?" అన్నాడు. ఇరవై ఏళ్లుగా పీడనం పాఠం చెబుతున్న నాకు ఆ మాట కొంచెం గట్టిగానే తగిలింది.

మేస్త్రీ మాటలో ఉన్న శాస్త్రం మీరే చూడవచ్చు. వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగుకు దగ్గరగా పక్కన రూపాయి బిళ్లకంటే చిన్న రంధ్రం చేయండి. పాత సైకిలు ట్యూబు నుంచి రంధ్రం కంటే పెద్దదైన ముక్క కత్తిరించండి. ముందుగా ఆ ముక్కను డబ్బా బయట వేలితో నొక్కి పట్టుకుని నీళ్లు పోయండి. వేలు తీయగానే రబ్బరు కింద పడుతుంది, నీరు చిమ్ముతుంది. ఇప్పుడు అదే ముక్కను డబ్బా లోపలి నుంచి రంధ్రం మీద ఆనించి నీళ్లు పోయండి. వేలు తీసినా ముక్క కదలదు. నీరు ఎంత పోస్తే అంత గట్టిగా అతుక్కుంటుంది. మొదటిసారి మన శత్రువైన పీడనమే రెండోసారి మన పనివాడయింది! కాబట్టి అడ్డు ఎప్పుడూ నీరున్న వైపే ఉండాలి.

ఈ పీడనం ఎంత ఉంటుందో లెక్క వేద్దాం. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు, బయట నీరు 30 సెంటీమీటర్ల ఎత్తు, లోపల పొడి అనుకోండి. నీటి పైఅంచున పీడనం సున్న, అడుగున అత్యధికం. సగటున 15 సెంటీమీటర్ల లోతు పీడనం, అంటే 1000 × 9.8 × 0.15 = 1470 పాస్కళ్లు. తడిసిన వైశాల్యం 0.27 చదరపు మీటర్లు. బలం దాదాపు 397 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువు తలుపుకు ఆనుకున్నట్లు. మరి నీరు 60 సెంటీమీటర్లకు పెరిగితే? 80 కిలోలు అని తొందరపడకండి. సగటు పీడనమూ రెట్టింపవుతుంది, తడిసిన వైశాల్యమూ రెట్టింపవుతుంది. కనుక బలం నాలుగు రెట్లు: సుమారు 160 కిలోలు. 90 సెంటీమీటర్లకు తొమ్మిది రెట్లు, 365 కిలోల దాకా!

తలుపు నీటి వైపుకు తెరుచుకునేదైతే ఈ బలం దాన్ని ద్వారబంధానికేసి అదిమి పెడుతుంది. కారడం తగ్గుతుంది. కాని లోపల ఉన్నవాడు బయటకు రావాలంటే ఆ బలాన్ని ఎదిరించి నెట్టాలి. బందులకు దూరంగా, తలుపు అంచున నెడితే బలంలో సగం చాలు. అయినా 60 సెంటీమీటర్ల నీటికి అది 80 కిలోలు! మీలో ఎవరూ నెట్టలేరు. తలుపు లోపలికి తెరుచుకునేదైతే భారంలో సగం గడియ మీదే పడుతుంది. గడియ విరిగిందంటే నీరు ఒక్కసారిగా దూకుతుంది.

ఇది లెక్కల సరదా కాదు. 2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రపు నేలమాళిగలోకి వాననీరు ముంచుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. రేపు మీరూ ఏ పట్టణంలోనో ఇలాంటి గదులలో చదువుకోవచ్చు. లోపలికి నీరు రావడం మొదలైతే పుస్తకాలు సర్దుకుంటూ కూర్చోకండి. బయటి నీరు 15 సెంటీమీటర్లున్నప్పుడు ఆ తలుపు 5 కిలోల తోపుకు తెరుచుకుంటుంది. అదే పైకి వచ్చేయవలసిన సమయం. తడి కాళ్లతో స్విచ్చులు ముట్టుకోవద్దు.

సరే, మా గది సంగతికి వద్దాం. మేస్త్రీ ముందుగా సిమెంటు కలపలేదు, కారే చోటు వెతికాడు. గది లోపల గడప పొడవునా చాక్‌పొడి చల్లించాడు. బయట ఒకరు చెంబుతో నీళ్లు పోస్తుంటే లోపల ఒకరు టార్చిలైటుతో చూడాలి. మొదట మెట్ల అడుగున, తరువాత గడప అతుకు మీద, ఆ తరువాత ద్వారబంధం పక్కన, ఇలా కింది నుంచి పైకి పోస్తూ రావాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడిసి ఏమీ తెలియదు. మా చాక్‌పొడి రెండు చోట్ల తడిసింది: గడప రాయి కింద, ఎడమవైపు ద్వారబంధానికీ గోడకూ మధ్య. (వాన వెలిసిన మర్నాడు కూడా నేలలోంచి చెమ్మ ఊరుతుంటే తప్పు తలుపుది కాదు. అది భూమిలోని నీరు. తలుపు ఎంత బాగుచేసినా ఆగదు.)

అసలు దొంగ మెట్ల అడుగున దొరికాడు. అక్కడ నీళ్లు పోయే గొట్టం ఆకులతో, చాక్లెట్ కాగితాలతో పూడిపోయి ఉంది. నీటికి వేరే దారి లేకపోతే తలుపునే దారి చేసుకుంటుంది. గొట్టం బాగుచేసి, అడుగు నేలకు మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున గొట్టం వైపు వాలు ఇచ్చారు. గడప మీద మరో నాపరాయి వేసి జానెడు ఎత్తు పెంచారు. మన పల్నాడులో నాపరాళ్లకు కరువా! ద్వారబంధం పక్కన పెళుసుబారిన పాత సున్నాన్ని అంగుళం లోతు గీకి, తడిపి, ఒక పాలు సిమెంటు మూడు పాళ్లు ఇసుక కలిపి బయటివైపు నుంచి దట్టించారు. తలుపు కింది అంచుకు, బయటివైపే, గడపను ఒరుసుకునేలా రబ్బరు పట్టీ కొట్టారు. వానాకాలంలో ఉబ్బిన తలుపును చిత్రిక పట్టవద్దని వడ్రంగికి చెప్పడం నా వంతు. చెక్క ఎండాకాలం కుంచించుకుపోతుంది, అప్పుడు సందు ఇంకా పెద్దదవుతుంది.

గోడలకు బయటివైపు నిలువుగా రెండు గాడులు కూడా తీయించాం. పెద్ద వాన వస్తుందంటే వాటిలో చెక్కపలకలు ఒకదానిమీద ఒకటి దించుతాం. తడిసిన చెక్క ఉబ్బి సందులను తానే మూసుకుంటుంది.

ఈ పలకల ఉపాయం ఆనకట్టలలోనూ ఉంది. నాగార్జునసాగర్‌కు విహారయాత్ర వెళ్లినప్పుడు 26 గేట్లను లెక్కపెట్టి ఉంటారు. ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. జలాశయం నిండినప్పుడు ఒక్క గేటు మీద అడ్డంగా పడే బలం, మన లెక్క ప్రకారమే, సుమారు 1,200 టన్నులు. ఇలాంటి గేట్ల అంచుల్లో ఉండే రబ్బరు సీళ్లను నీరే ఉక్కుకేసి అదిమేలా అమరుస్తారు. మీ డబ్బాలోని ట్యూబు ముక్కలాగే! గేటును బాగుచేయాలంటే దానికి ఎగువన గాడుల్లోకి ఉక్కు పలకలు దించి ముందు నీటిని ఆపుతారు. వీటిని స్టాప్‌లాగ్‌లు అంటారు.

2021 ఆగస్టు 5న కృష్ణమీది పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇవే ఆదుకున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో గొలుసు తెగి 19వ గేటు పోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి సలహాతో, నాలుగేసి అడుగుల ఎత్తున్న ఐదు పలకలు తయారుచేయించి, పారే నీటిలోనే ఒక్కొక్కటిగా దించారు. మామూలుగా నిలకడ నీటిలో చేసే పని అది. వారం రోజులలో నీరు ఆగింది. అంతకుముందు వాళ్లు చేసిన పని గమనించండి: మిగతా గేట్లు ఎత్తి నీటికి వేరే దారి ఇచ్చారు. మన గుండ్లకమ్మ కూడా, దిగువన మల్లవరం దగ్గరి జలాశయంలో, 2022 ఆగస్టులో ఒక గేటునూ 2023 డిసెంబరులో మరొక గేటునూ పోగొట్టుకుంది. నిలవచేసుకున్న నీరెంతో సముద్రం పాలైంది.

మా సామాన్ల గదిలో ప్రతి ఏడూ మొదటి వానకు పిల్లలు గడప వెంట చాక్‌పొడి చల్లేవారు. మరమ్మతు తరువాతి ఏడు ఎడమ మూల పొడిగానే ఉంది. కుడి మూల మాత్రం బెత్తెడు మేర తడిసింది. మేస్త్రీని మళ్లీ పిలిపించాం.