పాలిటెక్నిక్ నుంచి బీటెక్ రెండో ఏడాదికి

పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసినవారు బీటెక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరడాన్ని లేటరల్ ఎంట్రీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు ఈసెట్ రాయాలి. ఈ దారిలో కాలం వృథా కాదు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపితే ఆరు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు కలిపినా ఆరే. పైగా ఏ కారణంగానైనా మధ్యలో ఆగాల్సి వచ్చినా ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ ఒకటి చేతికి వచ్చి ఉంటుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ నీళ్లు అందని మెట్ట పొలాలను నమ్ముకున్న ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

డిప్లొమాలో సీటుకు పాలిసెట్ రాయాలి. 120 మార్కుల పరీక్ష. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు పదో తరగతి స్థాయిలోనే ఉంటాయి. నంద్యాల జిల్లా నందికొట్కూరు పిల్లలకు కర్నూలు, నంద్యాల, ఆదోని పట్టణాల్లో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి.

ఈసెట్‌లో మూడు గంటల్లో 200 ప్రశ్నలు. 100 ప్రశ్నలు చదివిన బ్రాంచి నుంచి, 50 లెక్కల నుంచి, ఫిజిక్స్, కెమిస్ట్రీల నుంచి చెరో 25. తప్పు జవాబుకు మార్కులు కోయరు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ నిబంధన కూడా లేదు. ఇంత సులువా అనుకుని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అర్హత వేరు, సీటు వేరు. సీటు ఇప్పించేది ర్యాంకు. ఆ ర్యాంకును తేల్చేది తరచుగా లెక్కల పేపరే, ఎందుకంటే బ్రాంచి ప్రశ్నలు మూడేళ్లుగా అందరూ చదువుతున్నవే. లెక్కలను డిప్లొమా మొదటి ఏడాదితోనే అటకెక్కించినవారు ఆ 50 ప్రశ్నల దగ్గర వెనకబడతారు. బీఎస్సీ మ్యాథమెటిక్స్ పూర్తిచేసినవారూ ఈసెట్ రాయవచ్చు, వారి పేపరు వేరు.

సీట్ల సంగతి కొంచెం వివరంగా చూడాలి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నిబంధన ప్రకారం లేటరల్ ఎంట్రీకి మంజూరైన సీట్లలో 10 శాతం అదనంగా ఇస్తారు. అంటే 60 సీట్ల బ్రాంచిలో ఆరు. మొదటి ఏడాది నిండక మిగిలినవి వీటికి తోడవుతాయి. అందువల్ల గిరాకీ లేని కాలేజీలో సీటు తేలిగ్గానే దొరుకుతుంది. అనంతపురం జేఎన్టీయూ క్యాంపస్ వంటి చోట ఆ కొద్ది సీట్లకే పోటీ. కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు స్థానికులకు. నందికొట్కూరు 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్లినా, స్థానికత విషయంలో పాత కర్నూలు జిల్లాతో పాటు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోదే. ఇంటికి దగ్గరగా ఉండాలనుకునేవారికి కర్నూలు వెళ్లే నందికొట్కూరు రోడ్డులోనే, వెంకాయపల్లె దగ్గర, జి. పుల్లయ్య కళాశాల, రవీంద్ర మహిళా ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. కానీ దగ్గరి కాలేజీ అని వెబ్ ఆప్షన్లలో మొదట పెట్టడం తెలివైన పని కాదు. బ్రాంచి, అధ్యాపకులు, ఉద్యోగాల రికార్డు చూశాకే దూరం చూడాలి.

అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీ మూడో ఏడాదిలో చేరతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరు క్యాంపస్‌లు నిర్ణీత మార్కులు తెచ్చుకున్నవారికి సీటు హామీ ఇస్తాయి. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. మన దగ్గర మాత్రం ఐఐటీలు, ఎన్ఐటీలు బీటెక్ రెండో ఏడాదిలో ఎవరినీ ఇలా చేర్చుకోవు. డిప్లొమాతో జేఈఈ రాయవచ్చు గానీ మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి.

లేటరల్ ఎంట్రీలో చేరినవారికి మొదటి సెమిస్టరే కష్టం. తోటివారు మొదటి ఏడాదిలో నేర్చిన లెక్కలు, ప్రోగ్రామింగ్ వీరికి కొత్త. ల్యాబ్‌లోనూ వర్క్‌షాప్‌లోనూ మాత్రం వీరిదే పైచేయి. జేఎన్టీయూ హాల్‌టికెట్ నంబరులో మిగతావారికి ‘1ఏ’ ఉండే చోట వీరికి ‘5ఏ’ ఉంటుంది. పట్టా ఒకటే.