పికప్ ట్రక్కు ఇంజను ఎంపిక

పికప్ ట్రక్కు అనగా ముందు భాగమున మనుషులు కూర్చొనే గది, వెనుక సామాను కొరకు పైకప్పు లేని తొట్టి గల వాహనము. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దీనిని రోజూ ఉద్యోగానికి వెళ్ళడానికి, సెలవులలో పడవలను, నివాస ట్రైలర్లను లాగడానికి కూడా వాడుతారు. ఈ రెండు పనులకు ఒకే వాహనము కొనేవారు డీజిలు, పెట్రోలు ఇంజన్లలో ఒకదానిని ఎంచుకోవలసి ఉంటుంది. అమెరికాలో "గ్యాస్" అనగా పెట్రోలు, వంటగ్యాసు కాదు.

చరిత్ర

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనుకు 1893లో జర్మనీలో పేటెంటు పొందాడు. అమెరికా పికప్ ట్రక్కులలో డీజిలు ఇంజన్లు 1980లలో వ్యాప్తి చెందాయి. 1983లో ఫోర్డ్ 6.9 లీటర్ల ఇంజనును, 1989లో డాడ్జ్ 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనును ప్రవేశపెట్టాయి.

పనిచేయు విధానము

పెట్రోలు ఇంజనులో ఇంధనము, గాలి కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్గు మండిస్తుంది. డీజిలు ఇంజనులో గాలిని మిక్కిలిగా సంపీడనము చేయుట వలన అది బాగా వేడెక్కి, అందులో చిమ్మిన ఇంధనము దానంతట అదే మండుతుంది. అధిక సంపీడనము, టర్బోచార్జరు వలన తక్కువ వేగములోనే ఎక్కువ టార్కు (తిప్పుబలము) లభిస్తుంది. ఉదాహరణకు 2020 నాటి ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 7.3 లీటర్ల పెట్రోలు ఇంజను టార్కు 475 పౌండు-అడుగులు కాగా, 6.7 లీటర్ల డీజిలు ఇంజనుది 1,050. అశ్వశక్తిలో మాత్రము తేడా స్వల్పము (430, 475).

బరువు లాగుట

ఎత్తైన ప్రదేశాలలో గాలి పలుచబడుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతము శక్తిని కోల్పోతుంది. కొలరాడోలో 11,000 అడుగులకు పైబడిన ఐసెన్‌హోవర్ సొరంగపు దారి వంటి చోట్ల ఈ లోటు బాగా తెలుస్తుంది. టర్బో గల డీజిలుకు ఈ నష్టము తక్కువ. దిగుడు దారిలో డీజిలు ట్రక్కుల ఎగ్జాస్ట్ బ్రేకు వేగాన్ని అదుపు చేసి, చక్రాల బ్రేకులు వేడెక్కి పట్టు తప్పకుండా కాపాడుతుంది.

అయితే డీజిలు ఇంజను బరువెక్కువ. ట్రక్కు మొత్తము బరువుకు పరిమితి ఒకటే అయినప్పుడు, ఇంజను బరువు పెరిగిన మేరకు మోయగల బరువు తగ్గుతుంది. సాధారణ ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతము ట్రక్కుపైనే పడుతుంది; తొట్టిలో కొక్కెము గల ఫిఫ్త్ వీల్ ట్రైలరుకు ఇది 20 శాతము వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటుంది. కనుక లాగగల బరువు సరిపోయినా, మోయగల బరువు మించిపోవచ్చును. ఈ పరిమితి డ్రైవరు తలుపు వద్ద అతికించిన చీటీపై ఉంటుంది.

నిత్య ప్రయాణము

2007 నుండి డీజిలు పికప్‌లలో పొగలోని మసిని పట్టే వడపోత అమర్చబడుతున్నది. చేరిన మసి కాలిపోవాలంటే పొగగొట్టము బాగా వేడెక్కాలి. రోజూ నాలుగైదు మైళ్ళు మాత్రమే నడిచే బండిలో ఇది పూర్తికాక వడపోత మూసుకుపోయే ప్రమాదము ఉంది. 2010 తరువాతి వాటిలో చాలావరకు యూరియా ద్రావణము కూడా పోయవలసి ఉంటుంది. తీవ్రమైన చలిలో డీజిలు గడ్డకట్టకుండా శీతకాలపు డీజిలు వాడాలి.

ఖర్చు

ఒక గాలను డీజిలులో గాలను పెట్రోలుకంటె సుమారు 13 శాతము ఎక్కువ శక్తి ఉంటుంది. కాని అమెరికాలో డీజిలు ధర సాధారణంగా ఎక్కువ.

ఊహాత్మకమైన లెక్క: ఏటా 15,000 మైళ్ళు నడిచే పెట్రోలు ట్రక్కు గాలనుకు 15 మైళ్ళు ఇస్తే 1,000 గాలన్లు కావాలి; 3.20 డాలర్ల చొప్పున 3,200 డాలర్లు. గాలనుకు 18 మైళ్ళిచ్చే డీజిలు ట్రక్కుకు 833 గాలన్లు చాలును; 3.80 డాలర్ల చొప్పున సుమారు 3,165 డాలర్లు. ఆదా కేవలము 35 డాలర్లు. పెద్ద ట్రక్కులలో డీజిలు ఇంజనుకు అదనంగా చెల్లించేది వేల డాలర్లు. కావున ఇంధనపు ఆదా కొరకే డీజిలు కొనుట లాభదాయకము కాదు.

ఎంపిక

బరువైన ట్రైలరును తరచుగా, దూర ప్రయాణాలలో, కొండదారులలో లాగేవారికి డీజిలు అనుకూలము. ఏడాదికి కొన్ని రోజులు మాత్రమే తేలికైన ట్రైలరును లాగుతూ, మిగతా రోజులు ఖాళీ బండిలో దగ్గరి దూరాలు తిరిగేవారికి పెట్రోలు ఇంజను చాలును. ఏది ఎంచుకున్నా ట్రైలరును సామానుతో సహా తూచి, ట్రక్కు పరిమితులతో సరిచూసుకొనుట ముఖ్యము.

ఇవి కూడా చూడండి

డీజిల్ ఇంజను
పెట్రోలు
టార్కు