ఈతవనం ఎవరిది?

మన తాలూకా కేంద్రాల్లో 'వైన్స్' అని పెద్ద బోర్డు తగిలించిన అంగళ్లున్నాయి. లోపల చూస్తే బ్రాందీ, విస్కీ, రమ్ము. చెరకు మడ్డితోనో, ధాన్యంతోనో కాచిన స్పిరిటుకు రంగూ వాసనా కలిపిన సరుకు. అసలు వైన్ అంటే ద్రాక్షరసం పులిసిన పానీయం. తొక్కతోబాటు పులియబెడితే ఎర్రది, తొక్క తీసేసి రసాన్ని మాత్రమే పులియబెడితే తెల్లది. ఫ్రాన్సు దేశంలో దాన్ని ఊరి పేరుతో గుర్తిస్తారు. బోర్డో, బర్గండీ, షాంపేన్ అన్నీ ప్రాంతాల పేర్లే. నేల మారితే రుచి మారుతుందని అక్కడి రైతు చెబుతాడు. లోకం చెవి వొగ్గి వింటుంది.

మన ఈడిగన్న కూడా ఆ మాటే చెబుతాడు. వినేవాడే లేడు.

కర్నూలు, కడప సీమల్లో వైన్‌తో పోల్చదగినది కల్లు. అందులోనూ తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాటిచెట్టుకు గెల గీస్తారు. పోతుచెట్టూ కల్లిస్తుంది, పెంటిచెట్టూ ఇస్తుంది. అది ఎండకాలపు పంట. ఈతచెట్టుకు గెలతో పని లేదు. మొవ్వు కింద మట్టలు కోసి, లేత మానును గీసి కుండ కడతారు. అది చలికాలపు పంట. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటేడు రెండో పక్క గీస్తారు. మాను మీది గాట్లు లెక్కబెడితే చెట్టు ఎన్నేళ్లు కల్లిచ్చిందో చెప్పొచ్చు. కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. ఆశపడి గీస్తే చెట్టు చచ్చిపోతుంది. ఈ లెక్క ఏ బడిలోనూ నేర్పరు.

పొద్దున దించిన కల్లు తీపి. పొద్దెక్కేకొద్దీ గాలిలో, కుండలో ఉన్న ఈస్టు చక్కెరను తిని సారం పుట్టిస్తుంది. సాయంత్రానికి ఘాటెక్కుతుంది. మరునాటికి పులుపెక్కి, చివరికి వెనిగర్ అవుతుంది. కుండలోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. వైన్ ఏళ్లకేళ్లు సీసాలో నిలుస్తుంది, కల్లు ఒక్కరోజు నిలవదు. నిలవని సరుకును గోడౌన్‌లో దాచి ధర పెంచడం సాధ్యం కాదు. అందుకే పెద్ద వ్యాపారికి చెట్టు మీది కల్లు పనికిరాదు. వాడు నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపి దానికే కల్లని పేరు పెడతాడు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు కూలిజనం చనిపోయారు. చంపింది చెట్టు కాదు, లాభం.

చెట్టు మీద సర్కారు పెత్తనం కొత్తది కాదు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం నుంచి చెట్టుకు పన్ను, గీతకు లైసెన్సు. 1938లో కడప జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రమంతటా పెట్టారు. గీత పనివారి నోట మట్టి పడింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. నిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. గౌతు లచ్చన్న గీత పనివారి పక్షాన నిలబడ్డారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం మీద ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం ఇదే కర్నూలులో కూలిపోయింది. గీత కత్తి పట్టిన చెయ్యి మంత్రివర్గాన్ని దించగలదని ఆనాడే తేలింది.

'మీరు తాగుడును పొగుడుతున్నారా?' అని మా కూలి అక్కలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కూలి డబ్బులు సారా అంగడిలో పోస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచి నిలబడితేనే 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా బందయింది. ఆ పోరాటం మనది. 1995లో సంపూర్ణ నిషేధం తెచ్చినప్పుడు కూడా కల్లును మినహాయించారు. 1997లో నిషేధం సడలించారు, సీసా మళ్లీ వచ్చింది. తాగమని మేము ఎవరికీ చెప్పడం లేదు. సీసాను ఊరూరా నిలబెట్టి, చెట్టును కూలదోసే నీతిని మాత్రం ప్రశ్నిస్తున్నాం.

ఈతచెట్లు వంకలెంట, ఏటిగట్ల మీద, చెరువుల కింద పెరుగుతాయి. పెన్న, పాపాఘ్ని, చెయ్యేరు, కుందూ ఒడ్లు వాటి పుట్టిల్లు. ఇసుక తోడేస్తే తేమ అడుగంటుతుంది, మొక్క నిలవదు. పోరంబోకును చదును చేసి కలుపుకునే ఆసామికి మొదట అడ్డమొచ్చేది కూడా ఈతపొదే. పోయేది కల్లొక్కటే కాదప్పా! ఈతాకుతో చీపుర్లు, చాపలు, ఈతబరిగెలతో బుట్టలు అల్లి, పని లేని నెలల్లో చానామంది ఆడవాళ్లు నాలుగు రూపాయలు చూస్తారు.

2022లో రాష్ట్ర ప్రభుత్వం కల్లు కిస్తు రద్దుచేసి, చెట్టు మీదినుంచి పడి చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 10 లక్షలకు పెంచింది. మంచిదే. 2025లో గీత కులాలకు 340 మద్యం దుకాణాలు కేటాయించారు. దరఖాస్తుకే లక్షలు కావాలంటే మోకు కట్టుకొని చెట్టెక్కేవాడు కట్టగలడా? ఆ అంగడిలో అమ్మేదీ ఫ్యాక్టరీ సరుకే. దానివల్ల ఒక్క ఈతమొక్క అయినా నాటారా?

మేము అడిగేది చిన్నదే. వంక పోరంబోకులు కొలిచి రాళ్లు పాతాలి. గ్రామీణ ఉపాధి పనుల్లో అక్కడ ఈత, తాటి నాటించి రెండేళ్లు నీళ్లు పోయించాలి. ఆ వనాల మీద హక్కును గీత సొసైటీలకూ, ఆకు కోసుకునే హక్కును కూలి మహిళలకూ రాసివ్వాలి. ఈతచెట్టు గీతకు రావాలంటే నాలుగైదేళ్లు పడుతుంది. ఈ వానకే గుంతలు తవ్వకపోతే ఒక తరం గీత పని మరిచిపోతుంది. వచ్చే గ్రామసభలో ప్రతి కూలి సంఘం ఈ తీర్మానం పెట్టించాలి.